రాయి దాచని తడి

మాటకు ముందు నాదమై, నాదమునకు ముందు మౌనమై నిలిచిన పరమేశ్వరునకు నమస్కారము. ఆయన చెంత దాచుకొనుటకు నాకేమియు మిగులలేదు గనుక చదువరుల చెంతను దాచను. శ్రీ విశ్వావసు నామ సంవత్సరము, దక్షిణాయనము, శరదృతువు, కార్తిక బహుళ త్రయోదశి, ఇందువాసరము. క్రౌంచద్వీపమని మన పురోహితులు సంకల్పములో చెప్పుకొను ఈ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రమున, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా అమ్మాయి ఇంట, ప్రదోషవేళ నేను చేసిన పనిని ఇక్కడ చెప్పుకొంటున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. బేస్‌మెంటులో ఉన్న గదిని ఒక విద్యార్థినికి అద్దెకిచ్చారు. బాపట్ల ప్రాంతపు పిల్ల. ఇక్కడి విశ్వవిద్యాలయంలో భూమిని గురించిన చదువు, ఎం.ఎస్. చివరి సెమిస్టరు. ఆదివారం ఉదయం తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధనకు వెళ్తుంది. మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుని కాఫీ తాగుతుంది. నన్ను తాతగారూ అంటుంది. మా ఇంట్లో పుట్టిన పిల్లలకు నా తెలుగు సగం అందదు. ఈ పిల్లకు అందుతుంది. అందనిచోట ఆపి అడుగుతుంది. ఆ అడగడం నాకు రాలేదు. ఈ కథంతా అక్కడే ఉంది.

తన చదువేమిటో ఒక ఆదివారం భోజనాల బల్ల దగ్గర చెప్పింది. సున్నపురాయి ముక్కకు ఒక చివరనుంచి శబ్దాన్ని పంపుతారు, రెండో చివర అందుకుంటారు. మన చెవికి చిక్కని సన్నని శబ్దం. అది రాయిని దాటడానికి పట్టిన వ్యవధిని బట్టి, రాయిని పగలగొట్టకుండానే దాని కడుపులో ఏముందో చెప్పవచ్చు: గట్టిదా, గుల్లదా, లోపల చీలిక ఉందా, గుల్లల్లో ఉన్నది గాలా, నీరా. నాకు బోధపడాలని స్టీలు గ్లాసులను ఒకదానికొకటి ఆనించి వరసగా పెట్టి, మొదటిదాన్ని వేలితో తోసింది. చివరి గ్లాసు కదిలింది.

"ఇది పి-వేవ్ తాతగారూ. ఒకటి ఇంకోదాన్ని తోసుకుంటా వెళ్ళిపోద్ది."

తరువాత చున్నీ కొస ఒకటి నా చేతికిచ్చి, రెండో కొసను తాను పక్కకు ఊపింది. అల నా వేళ్ళదాకా వచ్చి ఆగింది. అది ఎస్-వేవ్ అని, నీళ్ళలో అది నడవదని, నీటికి పట్టు లేదు గనుక పక్కకు లాగితే జారిపోతుందని చెప్పింది. నేను అక్కడికక్కడే మొదటిదానికి తోపుటల, రెండోదానికి ఊపుటల అని నామకరణం చేశాను. ఆమె మెచ్చుకుంది. మెప్పు దొరికిన పండితుడు ఆగడు కదా. మన శిల్పులు ఉలి వేసేముందు రాతిని తట్టి వినేవారనీ, ఘంటానాదం పలికితే పుంశిల, తాళధ్వని పలికితే స్త్రీశిల, పలకకుంటే నపుంసకశిల అని నిర్ణయించేవారనీ విస్తరించి చెప్పాను.

"అయితే మనోళ్ళు వెలాసిటీ టెస్టు ఎప్పుడో చేసేశారన్నమాట," అని నవ్వింది.

ఆ తరువాత ఆమె మరికొంతసేపు ఏదో చెప్పింది. పరికరానికీ రాతికీ నడుమ సందు ఉంటే శబ్దం అక్కడే చచ్చిపోతుందనీ, అందుకని మధ్యలో ఒక పదార్థం పూస్తారనీ చెప్పిందట. ఆ మాటలు నా ఎదుటే పలికాయి. నేను వినలేదు. నా తరువాతి ఉపన్యాసాన్ని మనసులో కూర్చుకుంటున్నాను. చంపకమాలలో ఒక్క యతి తప్పినా గది అవతలినుంచి పట్టుకునే చెవి నాదని జీవితమంతా గర్వపడ్డాను. ఆ చెవి ఎదుటి మనిషి మాట వినడం ఎప్పుడు మానుకుందో నాకు తెలియదు.

ఇక్కడ చదువరులకు ముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది. అది అప్పటికి నాకు తెలియదు. ఆమె ప్రయోగశాలలో నీటి గొట్టాలు మారుస్తున్నారు. ఎవరి రాళ్ళను వారు భద్రంగా ఉంచుకోండని ఆచార్యుడు చెప్పాడు. ఆరబెట్టి సిద్ధం చేసుకున్న తన రాయిని ఆ పిల్ల ఇంటికి తెచ్చుకుంది. దానిలోపల తడి లేశమైనా ఉండకూడదు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన ఎప్పుడూ పొడిగా ఉంటుందని, వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం అడిగి తీసుకుని, దాని మీద ఆ రాయిని నిలబెట్టి అక్కడి అరలో పెట్టింది.

త్రయోదశి సోమవారంతో కలిసింది. కార్తికంలో సోమవార ప్రదోషం దొరకడమే భాగ్యం. మా అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళారు, పిల్లలు బడిలో ఉన్నారు, ఆ పిల్ల క్లాసుకు వెళ్ళింది. దీపాల ఒత్తుల పెట్టె కోసం నేను బేస్‌మెంటులోకి దిగాను. అరలో అది కనబడింది.

బెత్తెడు ఎత్తు, గుప్పిట పట్టేంత లావు, తెలుపూ బూడిదా కలిసిన వన్నె. పళ్ళెంలో నిటారుగా నిలిచి ఉంది. ఒంటిమీద సన్నని గవ్వల అచ్చులున్నాయి. శాలగ్రామంలో చక్రాలవంటివే అనుకున్నాను. నిలువునా జంటగా ఒక ఎర్రగీత, ఒక నల్లగీత. శివలింగంమీద చెక్కే బ్రహ్మసూత్రమని నాకు తట్టింది. శిరస్సు చదునుగా ఉంది. లింగశిరస్సు చదునుగా ఉండకూడదు కదా అన్న సందేహం రాకపోలేదు. కాని చదువుకున్నవాడికి తన పొరపాటుకు తగిన శాస్త్రం ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుంది. గొడుగు ఆకారపు శిరస్సుకు అనుమతి ఉంది. అరిగిపోయిన గొడుగు ఇలాగే ఉండదా అని సమాధానపడ్డాను. శిరస్సుమీద ఏదో జిగట మెరుస్తోంది. వేలితో తాకి వాసన చూశాను. నాలుకకు అంటించుకున్నాను. తేనె.

ఇక సందేహమేముంది? ఎవరో మధుస్నానం చేయించి, తక్కిన నాలుగు అమృతాలూ పోయకుండా వదిలేశారు. ఆ పిల్ల గదిలో అంతకుముందు హైదరాబాదు కుర్రాడొకడు ఉండేవాడు, నిత్యం పూజ చేసుకునేవాడు. ఉద్యోగం వచ్చి పార్సిప్పనీ అనే ఊరికి వెళ్ళిపోయాడు. మరచిపోయి ఉంటాడని నిశ్చయించుకున్నాను. ఉంగరపు వేలితో తట్టితే చిన్నగా ఖంగుమంది. పుంశిల. నా పాండిత్యమంతా ఒకచోట గుమికూడి నాకు సాక్ష్యం చెప్పింది.

ఈ పిల్లకు ఇదేమిటో తెలియదు పాపం, అనుకున్నాను. ఆ 'పాపం' అన్న మాట ఇప్పుడు గుర్తుకొస్తే ఒళ్ళు ముడుచుకుపోతుంది. ఫోను జేబులోనే ఉంది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆమె మతం వేరు, అడిగితే నొచ్చుకుంటుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. శివుణ్ణి గురించి ఆమెను అడగవలసిన అవసరం నాకేమిటన్నదే అసలు సంగతి.

సాయంకాలం, ఎవరూ కిందికి రాకముందే, అక్కడే దీపం పెట్టి, గోత్రనామాలు చెప్పుకుని, పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర వరసగా సమర్పించి శుద్ధోదకం పోశాను. పోస్తుంటే రాయి సన్నగా సవ్వడి చేసింది. బుడగలు లేచి పగిలాయి. స్వామి నీళ్ళు స్వీకరిస్తున్నాడని కళ్ళు చెమర్చాయి. ఆ సవ్వడి లోపలి గాలి బయటికొచ్చి నీరు లోపలికి దిగడమని, ఆ రాయి గుల్లతనం నా చెవికే స్వయంగా చెప్పుకుందని తరువాత తెలిసింది. తుడిచి, విభూతి రేఖలు దిద్ది, నమస్కరించి, ఆమె రాకముందే మళ్ళీ తుడిచి, యథాస్థానంలో పెట్టాను. తుడిచేటప్పుడు ఎర్రగీత కొంచెం అలుక్కుపోయింది. రాతి పైకొస ఏదో తెలియడానికి మార్కరుతో వేసుకున్న గుర్తు అదని నాకేం తెలుసు. చేసింది పుణ్యకార్యమే అయితే ఆమె రాకముందే ఎందుకు పెట్టాలన్న ప్రశ్న నాకు రాలేదు.

ఆ వారం చివర ప్రయోగశాల తెరిచారు. తరువాత ఒక సాయంకాలం భోజనం దగ్గర ఆ పిల్ల అన్నం కలుపుకుంటోంది గాని తినడం లేదు. మా అమ్మాయి ఏమైందని అడిగింది.

"నా రాయి బరువు పెరిగింది ఆంటీ. ఎస్-వేవ్ అయితే పూర్తిగా డల్ అయిపోయింది. నీళ్ళు తాగిన రాయిలాగ రీడింగ్ ఇస్తుంది. సరే ఏదో తేమ తగిలిందిలే అని ల్యాబు ఓవెన్‌లో పెట్టి మళ్ళీ డ్రై చేశాను. తలుపు తీస్తే..." అని ఆగింది. "మాడిన పాలవాసన."

"ఎవడో నీ ఓవెన్‌లో పాయసం వేడి చేసుకుని ఉంటాడు," అన్నాడు మా అల్లుడు. "గ్రాడ్ స్టూడెంట్సును నమ్మకూడదు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఎడమచేతి వెనుకవైపుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఆ క్షణానే సర్వం తెలిసిపోయింది.

తక్కిన సంగతి ఆమే చెప్పింది. ఈ ఒక్క రాయి ఆరబెట్టడంలో ఇంత తేడా వచ్చిందంటే, అదే పద్ధతిలో ఆరబెట్టిన తక్కిన రాళ్ళ కొలతలన్నీ ఎంతవరకు నమ్మవచ్చని ఆచార్యుడు అడిగాడట. కారణం తేలేవరకు డిఫెన్సు, అంటే డిగ్రీకి చివరి మౌఖిక పరీక్ష, జరగదన్నాడట. డిసెంబరులో డిఫెన్సు జరగకపోతే డిగ్రీ రాదు; డిగ్రీ లేకపోతే జనవరిలో హ్యూస్టన్‌లో చేరవలసిన ఉద్యోగం నిలవదు; వీసా చిక్కులు వేరే. ఆ భాగమంతా ఇంగ్లీషులోనే చెప్పింది. ఇక్కడి పిల్లలకు భయం ఇంగ్లీషులోనే వస్తుంది.

మాట్లాడవలసినవాణ్ణి నేనే. మాట్లాడాను కూడా.

"కొలతలో ఎక్కడో పొరపాటు పడి ఉంటావు. నిదానంగా మళ్ళీ చూసుకో తల్లీ," అన్నాను.

ఆ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. అంతకన్న నీచమైన వాక్యం నా నోట ఇంతవరకు రాలేదు.

తరువాతి రోజుల్లో రోజూ చెప్పాలనుకున్నాను. లింగలక్షణం క్షుణ్ణంగా తెలిసినవాడు ప్రయోగశాల రాతికి అభిషేకం చేశాడని మా అల్లుడు నవ్వుతాడు. మా అమ్మాయి నవ్వదు. అది మరీ కష్టం. ఆ పిల్ల తెలివైనది, దారి తానే కనుక్కుంటుందనుకున్నాను. ఇలా నాకు నేను చెప్పుకున్న ప్రతి మాటా తట్టి చూస్తే గుల్లగానే పలికింది. అయినా నోరు విప్పలేదు.

శనివారం ఉదయం నా గదిలో కూర్చుని ఉన్నాను. ఈ దేశపు ఇళ్ళలో వెచ్చని గాలి కోసం నేలకింద రేకు గొట్టాలు వేసి, ప్రతి గదిలో ఒక జాలీ అమరుస్తారు. కింది గదిలో మాట్లాడితే ఒక్కొక్కసారి ఆ గొట్టం వెంట పైకి వినబడుతుంది. ఆ ఉదయం నా కాళ్ళ దగ్గరి జాలీలోంచి ఆ పిల్ల గొంతు వచ్చింది. బాపట్లలో ఉన్న తల్లితో ఫోనులో మాట్లాడుతోంది.

"నాదే తప్పయ్యుంటదమ్మా. సార్‌కి అదే మెయిల్ పెట్టేశాను, నేనే సరిగా డ్రై చేయలేదని. ఎందుకంటే మన తాతగారు కూడా అదే అన్నారు. ఆయన ఊరికే అనరమ్మా. తప్పు ఎక్కడుందో చెవితోటే పట్టేస్తారు."

తరువాత తల్లీ బిడ్డా కలిసి ప్రార్థన చేసుకున్నారు. ఆమె తన డిఫెన్సు కోసం ఒక్క మాట అడిగింది. ఇంట్లో ఒక్కొక్కరి కోసమూ అడిగింది. చలికాలం తాతగారి మోకాళ్ళు బాధపెట్టకుండా చూడు ప్రభువా, అంది.

లేచాను. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పి పెడితే, ఆ నొప్పిమీద కూడా నాకు హక్కు లేదనిపించింది.

తలుపు తీసి నన్ను చూసి కంగారుపడింది. నేనే పైకి వచ్చేదాన్ని కదండీ, అంటూ కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు. రాతికి అభిషేకం చేశాను, అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను: ఎప్పుడు, ఎక్కడ, ఏమేమి పోశానో. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం చూడలేదు. తెరిచిన తలుపులోంచి ఫర్నేసు పక్క అరలో ఆ స్టీలు పళ్ళెం ఇంకా కనబడుతోంది, దాన్నే చూశాను.

"చక్కెర కూడానా?" అంది చివరికి.

"చక్కెర కూడా."

"నెయ్యి ముందా, నీళ్ళు ముందా?"

వరస చెప్పాను. ఆమె మంచం అంచున కూర్చుంది. "ఆ తేనె ల్యాబు మూసేముందు కొలతకి నేను పూసిందే తాతగారూ. కప్లెంట్ అంటారు, శబ్దం పట్టు జారకుండా. ఎస్-వేవ్‌కి తేనె బాగా పనిచేస్తది. ఆ రోజు గ్లాసులు పెట్టినప్పుడు చెప్పానండి," అంది.

"చెప్పావు. నేను వినలేదు."

ఆమె తల ఊపింది. తరువాత అడగనే అడిగింది. గొంతు పెంచలేదు.

"నేను క్రిస్టియన్‌నని నన్ను అడగలేదు కదండీ?"

ఆ ప్రశ్నకు అందమైన జవాబులు నాకు చాలా వచ్చు. ఎన్ని సమాసాలైనా కట్టగలను. "అవును," అన్నాను.

ఫర్నేసు మొదలై ఆగింది.

"కోపం లేదని చెప్పను తాతగారూ. ఉంది. పోద్ది. కొంచెం టైం ఇవ్వండి," అంది. "కానీ సోమవారం మీరు నాతో రావాలి. సార్‌కి మీరే చెప్పాలి. నేను చెప్తే ఎవరూ నమ్మరు."

ఆ సాయంకాలం ఇంట్లో అందరికీ చెప్పాను. మా అల్లుడు నవ్వలేదు. మా అమ్మాయి లేచి గిన్నెలు కడగసాగింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు ఆగలేదు.

సోమవారం ఆమె కారులో విశ్వవిద్యాలయానికి వెళ్ళాము. దారిలో ఎప్పటిలా కబుర్లు చెప్పలేదు. హీటరు మాత్రం నా కాళ్ళవైపు తిప్పింది. ఆచార్యుడు నా కన్న చిన్నవాడు, తెల్లగడ్డం, చొక్కామీద రాతిపొడి. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చుగాని అంత అవమానాన్ని ఆ భాషలో మోయలేను. రాత్రంతా ఒక వాక్యం కూర్చుకుని ఉన్నాను: పవిత్రబుద్ధితోనే అయినను అవివేకమున, పరుల శ్రమఫలమైన శిలను దైవవిగ్రహముగా భ్రమించి, పంచామృతములతో అభిషేకించితినని, తన్మూలముగా నిర్దోషురాలగు ఈ బాలికకు నింద కలిగినదని. నిలబడి అదంతా పలికాను. ఆమె విని, ఆయనవైపు తిరిగి, రెండే ముక్కలు చెప్పింది. ఆయన కనుబొమలు లేచాయి. బయటికొచ్చాక ఏమని చెప్పావని అడిగాను.

"ఆయనే రాయిని కడిగేశారు అన్నాను."

"అంతేనా?"

"పాలతో, అని కూడా అన్నానండి." అప్పుడు, ఆ ఒక్కసారి, కొంచెం నవ్వింది.

లోపలున్నంతసేపూ ఆచార్యుడు కోపపడలేదు. రాయిని నా చేతికిచ్చి, ఎక్కడెక్కడ పోశానో చూపించమన్నాడు. చూపించాను. పాలలోని కొవ్వూ చక్కెరా ఒకసారి గుల్లల్లోకి దిగితే ఎంత ఆరబెట్టినా పూర్తిగా రావని, ఈ రాయి ఇక లెక్కలోకి రాదని చెప్పాడు. ఆమె పద్ధతిలో తప్పు లేదన్నది తేలింది, అది మంచిది, అన్నాడు. అయితే ఆ రాయి వచ్చిన భూమిపొరనుంచే మరొక ముక్కను తెప్పించి, కోసి, ఆరబెట్టి, మొదటినుంచి కొలవాలి. డిసెంబరులోగా అది కుదరదు.

వచ్చేముందు ఆయన వేరొక రాతికి పరికరం బిగించి నాకు చూపించాడు. ఆమె చెంచాతో తేనె తీసి రాతి చివర పూసింది. తెరమీద ఒక గీత చదునుగా సాగి, ఉన్నట్టుండి లేచి వణికింది. ఆ లేచినచోటే శబ్దం అవతలికి చేరిన క్షణమని ఆమె చెప్పింది. ఈసారి విన్నాను. ఆ రాయి తన లోపల ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పింది. నా చేతి నీళ్ళు తాగిన రాయి కూడా అలాగే చెప్పింది. దాని మాట నమ్మక అందరూ ఆ పిల్లను అనుమానించారు. ఆ నీళ్ళు ఎవరివో తెలిసినవాడు మాత్రం బల్లదగ్గర కూర్చుని నిదానంగా చూసుకోమని హితవు చెప్పాడు.

ఆదివారాలు ఆమె ఇప్పటికీ నా పక్కన కూర్చుని కాఫీ తాగుతుంది. మునుపటికన్న తక్కువసేపు కూర్చుంటుంది. నేను ఉపన్యసించను, అడుగుతాను. ఆమె ఒక్కొక్కసారి చెబుతుంది.

డిసెంబరు పన్నెండున జరగవలసిన ఆమె డిఫెన్సు జరగలేదు. హ్యూస్టన్ కంపెనీవారు జనవరిలో ఆ ఉద్యోగాన్ని వేరొకరికి ఇచ్చారు. కొత్త రాతి కొలతలతో 2026 ఫిబ్రవరి ఆరవ తేదీన డిఫెన్సు జరిగింది, ఆమె ఉత్తీర్ణురాలైంది. వేరే ఉద్యోగం ఇంకా దొరకలేదు.